పంచాంగం పట్టుకుని అండమాన్ తిరిగిన రోజులు

అండమాన్ దీవులకు నేను రెండుసార్లు వెళ్లాను. మొదటి ప్రయాణం ఒక ఏజెంటు రాసిచ్చిన కాగితం ప్రకారం సాగింది. ఏ రోజు ఏ దీవి, ఎన్ని గంటలకు ఏ బీచి, అక్కడ ఎంతసేపు అన్నది అందులో గళ్లు గీసి మరీ రాసి ఉంది. ఆ లెక్కన ఒక పౌర్ణమి నాడు ఉదయం పదింటికి మమ్మల్ని నీల్ దీవిలో లక్ష్మణ్‌పూర్ తీరాన ఉన్న సహజ శిలాతోరణం చూడటానికి తీసుకెళ్లారు. తోరణం పైభాగం దూరం నుంచి కనిపించింది గానీ దాని దగ్గరికి నడిచే దారంతా నీళ్లలో ఉంది, అలలు రాళ్లను కొడుతున్నాయి. ఇప్పుడు వెళ్లడం కుదరదని డ్రైవరు చెప్పాడు. మేము దూరం నుంచే ఫొటోలు తీసుకుని వెనక్కి వచ్చేశాం. ఆ సాయంత్రం హోటల్లో పరిచయమైన ఒకాయన, తాను నాలుగు గంటలకు అక్కడికి నడిచి వెళ్లానంటూ ఫోనులో చూపించిన ఫొటోలలో సముద్రం ఎక్కడో దూరాన ఉంది, తోరణం కింద పిల్లలు తిరుగుతున్నారు. ఉదయం మేము చూసిందీ, ఆయన చూసిందీ ఒకే చోటంటే నమ్మడం కష్టమైంది.

తిరుగు ప్రయాణానికి ముందు పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ చేపల రేవుకు వెళ్లాను. అక్కడ తెలుగు వినిపించడం కొత్తవాళ్లకు ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు ఆ పేటలో చాలానే ఉన్నాయి. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనకు మా తోరణం కథ చెబితే, ఆయన నవ్వకుండానే, "అమాసకీ పున్నానికీ పొద్దున్న తొమ్మిదిన్నరకీ పదికీ మధ్య నిండు పోటు బాబూ, సాయంకాలం నాలుగయ్యేసరికి నీరు తీసేస్తాది. అష్టమికి ఇదంతా తిరగబడతాది. మధ్యలో రోజుకి రెండేసి గడియలు జరుపుకుంటూ పోవాల," అన్నారు. నా రెండో ప్రయాణం నిజానికి ఆ మాటతోనే మొదలైంది.

ఇంటికి వచ్చాక ఆ లెక్కను పరీక్షించాను. చంద్రుడు సూర్యుడి నుంచి పన్నెండు డిగ్రీలు దూరం జరిగితే ఒక తిథి. భూమి అంత మేర తిరగడానికి నలభై ఎనిమిది నిమిషాలు, అంటే సరిగ్గా రెండు గడియలు పడుతుంది. కాబట్టి చంద్రుడిని అనుసరించే పోటు కూడా తిథికి రెండు గడియల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. పంచాంగంలో తిథి చూసి ముహూర్తాలు పెట్టుకోవడమే తెలిసిన నాకు, అదే తిథి సముద్రం ఎప్పుడు ఎంత ఎత్తున ఉంటుందో చెప్పే సూచిక కూడా అని అప్పటివరకూ తోచలేదు. హైదరాబాదులో ఉన్న భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అందరూ ఇన్‌కాయిస్ అనే సంస్థ, మన రేవులకు ఆటుపోట్ల అంచనాలు ఇస్తుంది. వాటితో పోల్చి చూస్తే జంగ్లీఘాట్ పెద్దాయన లెక్క అరగంటకు మించి తప్పలేదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోర్ట్ బ్లెయిర్ దగ్గర నీటిమట్టం ఆటుకూ పోటుకూ మధ్య సుమారు రెండు మీటర్లు మారుతుంది; అష్టమి చుట్టుపక్కల ఆ తేడా మీటరు లోపే. ఒడ్డు నిటారుగా దిగే చోట రెండు మీటర్లు లెక్కలోకి రావు. కానీ ఈ దీవుల్లో చాలా తీరాలు పగడపు రాతి పళ్లాల మీద ఉన్నాయి. అలాంటి చదునైన నేల మీద రెండు మీటర్ల నీరు లాగేసుకుంటే వందల మీటర్ల సముద్రగర్భం బయటపడుతుంది.

రెండో ప్రయాణాన్ని చొల్లంగి అమావాస్య మధ్యలో వచ్చేలా పెట్టుకున్నాను. పుష్య బహుళ అమావాస్య నాడు కాకినాడ దగ్గర చొల్లంగిలో సముద్రస్నానానికి జనం పోటెత్తుతారు. ఆ మాటలో పోటు ఎక్కడి నుంచి వచ్చిందో ఈసారి స్పష్టంగా తెలిసింది. దీవులన్నీ తిరగాలన్న ఆశ పెట్టుకోలేదు. అండమాన్ నికోబార్‌లో చిన్నా పెద్దా కలిపి 836 దీవులూ రాతిదిబ్బలూ ఉంటే, మనుషులు ఉండేవి 31 మాత్రమే. పది డిగ్రీల జలసంధికి దక్షిణాన ఉన్న నికోబార్ దీవులకు మామూలు యాత్రికులు వెళ్లే వీలు లేదు. హేవ్‌లాక్, నీల్, ఉత్తరాన డిగ్లీపూర్, ఈ మూడూ చాలనుకున్నాను. 2018 డిసెంబరులో హేవ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌ను షహీద్ ద్వీప్ అనీ మార్చారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. కాగితాల మీద కొత్త పేర్లు, జెట్టీల దగ్గర కేకల్లో పాత పేర్లు నడుస్తున్నాయి కాబట్టి నేనూ పాత పేర్లతోనే రాస్తున్నాను.

దీవుల మధ్య ప్రయాణానికి ప్రభుత్వ నౌకలూ, ప్రైవేటు సంస్థల వేగపు పడవలూ ఉన్నాయి. ప్రైవేటు పడవల్లో అద్దాలు బిగించిన ఏసీ గదిలో కూర్చోవాలి. ప్రభుత్వ ఫెర్రీలో పైతట్టు మీద నిలబడవచ్చు, ఎగిరే చేపలను చూడవచ్చు, గాలి ముఖానికి తగులుతుంది. టికెట్లు మాత్రం ప్రయాణానికి కొద్ది రోజుల ముందే దొరుకుతాయి, దీవివాసులకు ప్రాధాన్యం ఉంటుంది, అది న్యాయమే. ఆటుపోట్ల పట్టిక చేతిలో ఉన్నా ఫెర్రీ వేళలు దానికి కలిసిరావాలిగా; ఆ రెండింటినీ జోడించడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది.

హేవ్‌లాక్‌కు బహుళ ఏకాదశి నాడు చేరాను. ఎలిఫెంట్ బీచిలో స్నార్కెలింగ్‌ను, అంటే మాస్కు పెట్టుకుని తేలుతూ నీటి అడుగును చూడటాన్ని, త్రయోదశి ఉదయానికి పెట్టుకున్నాను, ఎందుకంటే ఆ రోజు ఎనిమిది గంటల ప్రాంతంలో నిండు పోటు. పగడాల మీద నీరు లోతుగా ఉంటే మన కాళ్లు వాటికి తగలవు. పైగా పోటు నిండి, ఇంకా తీయడం మొదలుకాని ఆ కొద్దిసేపు నీరు కదలదు, అడుగున ఇసుక లేవదు. కలప కొట్టే రోజుల్లో ఏనుగులు పనిచేసిన దీవి అది. సముద్రంలో ఈదే ఏనుగుగా పేరుపడిన రాజన్ 2016లో చనిపోయేవరకూ హేవ్‌లాక్‌లోనే ఉండేది.

నాకు ఈత రాదు. లైఫ్ జాకెట్టూ, చేత్తో పట్టుకోవడానికి రబ్బరు వలయమూ ఇచ్చి, మాస్కు బిగించారు. రెండు నిమిషాల్లో ముక్కు దాకా నీళ్లు వచ్చాయి. మళ్లీ బిగించారు, మళ్లీ వచ్చాయి. మూడోసారి గైడు నా ముఖం పరిశీలనగా చూసి, లోపం మాస్కుది కాదని తేల్చాడు. మీసం! మాస్కు రబ్బరు అంచు చర్మానికి అతుక్కోవాలి, మధ్యలో వెంట్రుకలుంటే వాటి సందుల్లోంచి నీరు కారుతుంది. మీసానికి దట్టంగా వాజలైన్ పూసి పంపించాడు. మీసాలున్నవాళ్లు ఒక చిన్న వాజలైన్ డబ్బా వెంట పెట్టుకోవాలని ఏ ఏజెంటూ చెప్పడు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

తల నీళ్లలో పెట్టాక మొదట తెలిసింది శబ్దం. చిటపటమని నూనెలో ఆవాలు వేగుతున్నట్లు ఎడతెగని చప్పుడు, దాని మధ్యలో అప్పుడప్పుడూ గట్టిగా నమిలే కరకర. ఆ కరకర చిలుకచేపలది. ముక్కులాంటి పళ్లతో చచ్చిన పగడపు రాతిని గీకి, దాని మీద నాచు తిని, రాతిని పొడిచేసి ఇసుకగా విసర్జిస్తాయి. నా ముందే ఒక చేప అలా తెల్లటి ధారను వదిలి వెళ్లింది. ఈ దీవుల తెల్లటి ఇసుకలో చేపల కడుపులోంచి వచ్చిన భాగం కూడా ఉందన్నమాట. మిగిలినది ఎక్కువగా గవ్వల, పగడాల పొడి. మన నదులు కొండల నుంచి మోసుకొచ్చే రాతి ఇసుకకూ దీనికీ చుట్టరికం లేదు.

పగడాలన్నీ రంగురంగులుగా ఉంటాయని అనుకుని వెళ్లేవాళ్లు కొంత నిరాశపడతారు. 2010లో సముద్రం మామూలు కంటే వేడెక్కినప్పుడు అండమాన్ పగడాలు పెద్దయెత్తున తెల్లబారాయి. పగడపు జీవి కణాల్లో ఉండి దానికి తిండీ రంగూ ఇచ్చే సూక్ష్మమైన నాచును, వేడి తట్టుకోలేక ఆ జీవి బయటికి గెంటేస్తుంది. వేడి తగ్గి నాచు తిరిగి చేరకపోతే ఆకలితో చచ్చిపోతుంది. కొమ్మల్లా పెరిగే పగడాలు ముందు చచ్చిపోతాయి, బండల్లా నెమ్మదిగా పెరిగేవి కొంత తట్టుకుంటాయి. నేను చూసిన అడుగు అలాగే ఉంది: విరిగిన కొమ్మల కుప్పల మధ్య, ఎద్దుబండి చక్రమంత గుండ్రటి బతికున్న పగడపు బండలు, వాటి మీద నీలం పెదవుల పెద్ద ఆల్చిప్పలు. ఆ ఆల్చిప్పను దగ్గరగా చూద్దామని కాళ్లు కిందికి దించినప్పుడు గైడు నా చొక్కా పట్టి పైకి లాగి, తల బయటపెట్టించి మరీ తిట్టాడు. నా పాదం ఒక కొమ్మకు అంగుళం దూరంలో ఉందట. నిలబడాలనిపించడం ఈత రానివాళ్ల సహజ గుణం, ఇలాంటి చోట దాన్ని అణచుకోవాలి. ఆ తర్వాత నేను వలయం పట్టుకుని పొట్ట మీద తేలుతూ ఉండిపోయాను. పదిన్నర కల్లా నీరు తీసింది, జనం దిగారు, అడుగున ఇసుక లేచి ఏమీ కనిపించకుండా పోయింది.

ఆ మధ్యాహ్నం రాధానగర్ వెళ్లాను. టైమ్ పత్రిక 2004లో ఆసియాలో మేటి బీచి అని రాసినది, 2020లో శుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందినది కాబట్టి దాని గురించి నేను కొత్తగా చెప్పేది తక్కువ. వెనుక ఎత్తయిన చెట్ల నీడ ఇసుక దాకా వస్తుంది, ఆటు వేళ తడి ఇసుక అద్దంలా ఉంటుంది, సూర్యాస్తమయం కాగానే లైఫ్‌గార్డులు ఈలలు వేసి అందరినీ బయటికి పంపిస్తారు. మొసళ్లున్నాయి జాగ్రత్త అన్న బోర్డులను కొందరు వేళాకోళంగా ఫొటోలు తీసుకుంటున్నారు. ఈ దీవుల్లో ఉప్పునీటి మొసళ్లు నిజంగా ఉన్నాయి, మనుషులు చనిపోయిన సంఘటనలూ ఉన్నాయి.

చతుర్దశి పూట మడ అడవిలో కయాక్ నడిపాను, ఇది కూడా పోటు మీదే చేయవలసిన పని. నీరు నిండుగా ఉన్నప్పుడు ఉప్పుపొన్న చెట్ల వంకర వేళ్ల మధ్య సన్నటి కాలువల్లోకి పడవ దూరుతుంది. నీరు తీసిందా, బురదలో ఇరుక్కుని ఆరు గంటలు కూర్చోవాలి. ఆ చెట్టు గింజ కొమ్మ మీద ఉండగానే మొలకెత్తి, జానెడు పొడవు ములక్కాడలా వేలాడుతుంది, తర్వాత రాలి బురదలో దిగబడుతుంది లేదా నీటిలో తేలి ఇంకోచోటికి పోతుంది. అదే రాత్రి చంద్రుడు లేని చీకట్లో మళ్లీ నీటి మీదికి వెళ్లాం. తెడ్డు వేసిన ప్రతిసారీ నీరు నీలంగా వెలిగి ఆరిపోయింది. కదిలిస్తే వెలుగు చిమ్మే సూక్ష్మజీవుల పని అది. పౌర్ణమి నాడు వెళ్లినా అవి వెలుగుతూనే ఉంటాయి గానీ వెన్నెల్లో మన కంటికి ఆనవు. మొదటి ప్రయాణంలో మా కాగితంలో ఈ కార్యక్రమం కూడా ఉంది, అప్పుడు కనిపించనందుకు నా కళ్లద్దాలను అనుమానించాను.

అమావాస్య ఆదివారం నాడు నీల్ చేరాను. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థులు స్థిరపడిన దీవి ఇది. రామ్‌నగర్, సీతాపూర్, లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్ అని ఊళ్లకు రామాయణం పేర్లు పెట్టుకున్నారు. మూడింటికే లక్ష్మణ్‌పూర్ రాళ్ల మీదికి దిగాను. నీరు ఇంకా తీస్తూనే ఉంది. తోరణం దాకా నడక పావుగంటే గానీ నాకు గంట పట్టింది, ఎందుకంటే దారిలో ప్రతి రాతిగుంటా ఆపేసింది. సముద్రం వెళ్తూ వెళ్తూ గుంటల్లో నీటిని వదిలేసి పోతుంది, ఆ నీటిలో చిక్కిన జీవులు మళ్లీ పోటు వచ్చేదాకా అక్కడే కాలక్షేపం చేయాలి. నల్లటి సముద్ర దోసకాయలు, సన్నటి చేతులను రాతి సందుల్లోంచి చాచి ఊపే నక్షత్రాలు, వేలి నీడ పడగానే రంగు మార్చి మాయమైన ఒక చిన్న ఆక్టోపస్. గుంటలో నీరు ఎండకు గోరువెచ్చగా ఉంది. అంత వేడినీ, వాన పడితే అంత మంచినీటినీ, రోజుకు రెండుసార్లు తట్టుకుని బతికే ప్రాణులవి.

అక్కడి గైడు, బెంగాలీ కుర్రాడు, గుంటలోంచి సముద్ర దోసకాయను తీసి పర్యాటకుల చేతుల్లో పెడుతున్నాడు. నేను వద్దన్నాను. నొప్పించినట్లయిందేమో గానీ, తర్వాత అతను నాతో నడిచి గుంటలోకి వేలుపెట్టి చూపించాడే తప్ప దేన్నీ ఎత్తలేదు. చచ్చిన పగడం ముక్కనైనా సరే దీవుల నుంచి పట్టుకెళ్లడం నేరం. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి. నాలుగింటికి తోరణం కింద నిలబడ్డాను. పైకప్పులో పగడాల గూళ్లు రాతిలో అచ్చుపడి కనిపించాయి. అంటే అదంతా ఒకప్పుడు నీటి అడుగున పెరిగిన దిబ్బే. పాదాల దగ్గర నీరు వెనక్కి తిరిగి రావడం మొదలైనప్పుడు, తొందరేమీ లేకుండా అతనూ నేనూ ఒడ్డుకు నడిచాం.

డిగ్లీపూర్‌కు రోడ్డు ఉంది. కానీ ఆ రోడ్డు జారవా ఆదివాసుల రిజర్వు అడవిలోంచి పోతుంది. వాహనాలను కాన్వాయ్‌గా పంపిస్తారు, ఆపకూడదు, ఫొటోలు తీయకూడదు. ఆ నియమాలు ఎందుకు పెట్టవలసి వచ్చిందో ఆలోచిస్తే ఆ దారిలో వెళ్లబుద్ధి కాలేదు. రాత్రంతా సాగే ప్రభుత్వ నౌకలో ఏరియల్ బే రేవుకు చేరాను. మర్నాడు మాఘ శుద్ధ చవితి, ఉదయం ఏడింటి ప్రాంతంలో ఆటు. మొదటి పడవ పట్టుకుని రాస్, స్మిత్ జంట దీవులకు వెళ్లాను. ఈ రాస్ వేరు, పోర్ట్ బ్లెయిర్ ఎదురుగా బ్రిటిష్ శిథిలాలున్న రాస్ వేరు. రెండు దీవుల మధ్య ఒక ఇసుక గట్టు ఉంది. రెండు వైపుల అలలూ దీవులను చుట్టివచ్చి ఎదురుబొదురుగా ఇసుకను నెట్టడం వల్ల ఏర్పడిన గట్టు అది. నేను వెళ్లేసరికి రెండు ఎడ్లబండ్లు పక్కపక్కనే పోయేంత వెడల్పు ఉంది. పది దాటాక అది దారిలా సన్నబడింది, పదకొండున్నరకు మధ్యలో ఒక చోట రెండు సముద్రాలూ కలుసుకున్నాయి. మోకాలి లోతు నీటిలో చెప్పులు చేత పట్టుకుని పడవ వైపు వచ్చాను. నాకు ఎదురుగా, అప్పుడే పడవ దిగిన ఒక కుటుంబం, "ఇసుక దారి ఎక్కడుంది?" అని అడిగింది. నీటిలోకి చూపించాను.

ఆ రాత్రి కాలిపూర్ తీరంలో తాబేళ్ల కోసం కాచుకున్నాను. ఆలివ్ రిడ్లే, ఆకుపచ్చ తాబేలు, హాక్స్‌బిల్, అన్నిటికన్నా పెద్దదైన లెదర్‌బ్యాక్, నాలుగు జాతులూ గుడ్లు పెట్టే తీరంగా కాలిపూర్‌కు పేరు. అటవీశాఖ వాళ్లు గుడ్లను ఏరి కంచె కట్టిన చోట పాతిపెట్టి కాపాడతారు. ఒడ్డున బోర్లా పడుకున్నట్లు పాకే ఆ బరువైన ప్రాణి, నిండు పోటు మీద వస్తే ఇసుకలో తక్కువ దూరం ఈడ్చుకుంటే సరిపోతుంది. పోటు అర్ధరాత్రి దాటాక ఒకటిన్నరకు. ఎర్ర కాగితం చుట్టిన టార్చి తప్ప వెలుతురు లేదు, ఇసుక ఈగలు కాళ్లను తినేశాయి. ఒకటింబావుకు ఒక ఆలివ్ రిడ్లే వచ్చింది. గుంట తవ్వడానికి వెనక కాళ్లను వాడే తీరు చూస్తే, ఒక్కో కాలితో గరిటెడు ఇసుక తీసి పక్కన పోసి, ఆ పోసినది జారిపోకుండా ఒత్తి, రెండో కాలితో మళ్లీ అదే. గుడ్లు పెట్టాక శరీరాన్ని అటూ ఇటూ ఊపుతూ ఇసుకను దిమ్మిస చేసింది. ఇదంతా గంటలోపే. అది నీటిలోకి చేరేసరికి పోటు తీయడం మొదలైంది.

రథసప్తమి నాటి పొద్దు తిరుగు నౌక మీదే పొడిచింది. మిగిలిన ఒక్క రోజును వండూర్ దగ్గరి మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులోని జాలీ బాయ్ దీవికి కేటాయించుకున్నాను. 1983లో ఏర్పడిన ఆ పార్కులోకి ప్లాస్టిక్ సీసాలు కూడా లెక్కపెట్టి గానీ పంపరని, దిబ్బలు ఇంకా మంచి స్థితిలో ఉన్నాయని విని ఎంతో ఊహించుకున్నాను. వండూర్ జెట్టీ మూసి ఉంది. సోమవారం పార్కుకు సెలవట. ఇన్నాళ్లూ తిథి చూసుకుంటూ వచ్చినవాణ్ణి, పంచాంగంలో తిథి పక్కనే ఉండే వారం చూసుకోలేదు.

వెనక్కి వచ్చే దారిలో ఆటో అతను సిప్పీఘాట్ దగ్గర ఆపాడు. 2004 డిసెంబరు 26 భూకంపంలో ఉత్తర అండమాన్ పైకి లేచింది, అక్కడ కొన్ని పగడపు దిబ్బలు నీటి నుంచి బయటపడి ఎండిపోయాయి. ఈ దక్షిణ భాగం సుమారు మీటరు కుంగిపోయింది. సిప్పీఘాట్ వరిపొలాల్లోకి సునామీతో వచ్చిన సముద్రం తిరిగి వెళ్లలేదు. రోజూ పోటు వస్తూనే ఉంది, మడ మొక్కలు మొలిచాయి, కొంగలూ ఉల్లంకి పిట్టలూ చేరాయి. అష్టమి ఉదయం పదింటికి ఆటు వేళే అది. కానీ అష్టమి ఆటు బలహీనం, నీరు కొద్దిగా మాత్రమే తగ్గింది. ఒకప్పటి పొలం గట్టు నీటి అడుగున ఎక్కడ ఉందో ఆటో అతను చేయి చాచి గీతలా చూపించాడు. అమావాస్యకు వస్తే అది బయట కనిపిస్తుందట.